నలభై దగ్గర పడ్డాక టీచరు కావాలంటే

కర్నూలు, అనంతపురం, కడప వైపు నడివయసులో డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) ఆలోచన వచ్చినవాళ్లు మొదట అడిగేది కోచింగ్ ఫీజు ఎంతని. దానికంటే ముందు పదో తరగతి మెమో తీసి పుట్టినతేదీ చూసుకోవాలి. 2025 మెగా డీఎస్సీలో ఓసీలకు 44 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, ఈడబ్ల్యూఎస్ (ఆదాయం తక్కువున్న ఓసీలు) వాళ్లకు 49, దివ్యాంగులకు 54 పరిమితి. వయసు లెక్కగట్టింది 2024 జూలై 1 నాటికి. ఇక డీఎస్సీ ఏటా వచ్చేది కాదు. 2018 తర్వాత పోస్టులు భర్తీ అయింది మళ్లీ 2025లోనే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. ఆ పరిమితులే కొనసాగుతాయనుకుంటే, 40 ఏళ్ల ఓసీ అభ్యర్థి ఈరోజు బీఈడీలో చేరి 42కి బయటికొస్తే చేతిలో మిగిలేది రెండేళ్లే. ఆ రెండేళ్లలో నోటిఫికేషన్ రాకపోతే డిగ్రీ మిగులుతుంది, అంతే. బీసీ అభ్యర్థికి ఏడేళ్లు ఉంటాయి కాబట్టి ధైర్యం చేయొచ్చు.

ఏ కోర్సన్నది తర్వాతి మాట. ప్రైమరీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టుకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎస్జీటీకి ఇంటర్ తర్వాత చేసే డీఈఎల్‌ఈడీ, హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటుకు బీఈడీ. ఇది తెలియక ఇంకా బీఈడీ చేసి ఎస్జీటీ కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఎస్జీటీల కంటే స్కూల్ అసిస్టెంట్లే ఎక్కువ. స్కూల్ అసిస్టెంటు అంకె పెద్దగా కనిపిస్తుంది గానీ అది సబ్జెక్టులవారీగా, జిల్లాలవారీగా చీలిపోతుంది. మీ జిల్లాలో మీ సబ్జెక్టుకు వచ్చేవి ఎన్నో పాత నోటిఫికేషన్ ముందేసుకుని చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. ఇంటర్లో 50 శాతం ఉండి, డిగ్రీలో బీఈడీ మెథడాలజీకి (బడిలో చెప్పబోయే సబ్జెక్టుకు) పనికొచ్చే సబ్జెక్టు లేనివాళ్లకు డీఈఎల్‌ఈడీయే మేలు. అందులో చేరడానికి రాసే డీఈఈసెట్‌కు కనీస వయసు 17, పైపరిమితి లేదు. ఈ కోర్సు చెప్పే ప్రభుత్వ కాలేజీలు (డైట్లు) కర్నూలు దగ్గర బి.తాండ్రపాడులో, బుక్కపట్నంలో, రాయచోటిలో ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవడం మొదటి వారమే ఇబ్బంది, తర్వాత ఎవరూ పట్టించుకోరు.

‘కాలేజీకి రానక్కర్లేదు, రికార్డులు మేమే రాయిస్తాం’ అనే బేరం ఈ ప్రాంతంలో మామూలే. దుకాణం నడిపేవాళ్లకు, ఇల్లు వదల్లేని ఆడవాళ్లకు అది వరంలా కనిపిస్తుంది. నిబంధన ప్రకారం బీఈడీలో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరుండాలి. ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు, అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఆ నాలుగు నెలల సెలవు గురించి చేరకముందే మాట్లాడుకోవాలి. సంతకాలు పెట్టి గడిపేస్తే పట్టా వస్తుంది. నలభై మంది పిల్లల ముందు నోరు పెగలదు.

డీఎస్సీకి ముందు గట్టెక్కాల్సిన అర్హత పరీక్ష టెట్‌కు 150 మార్కులు. అర్హతకు ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 రావాలి. గట్టెక్కితే చాలనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. టెట్ మార్కులను 20కి కుదించి డీఎస్సీలో కలుపుతారు. అంటే ఏడున్నర టెట్ మార్కులు డీఎస్సీలో ఒక మార్కు. డీఎస్సీ రాతపరీక్షలో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు. టెట్‌లో 90 తెచ్చుకున్నవాళ్లు 120 తెచ్చుకున్నవాళ్లను అందుకోవాలంటే డీఎస్సీలో 8 ప్రశ్నలు అదనంగా సరిగ్గా పెట్టాలి. ర్యాంకులు దశాంశాల మీద తేలేచోట అది కొండంత తేడా. టెట్ చెల్లుబాటు జీవితకాలం, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చు. నోటిఫికేషన్ లేని ఏళ్లలో చేయాల్సిన పని ఇదే.

చదువుకు కోచింగ్‌కు పేరున్న కృష్ణా జిల్లా అవనిగడ్డ దాకా పోయి హాస్టల్లో ఉండే వీలు సంసారులకు ఉండదు. దానికి బాధపడక్కర్లేదు. మూలం బడి పాఠ్యపుస్తకాలే. అయితే మీరు చదువుకున్న రోజుల పుస్తకాలు కావివి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. రెండూ పక్కపక్కనే చదివితే సైన్సు, లెక్కల పదాలు రెండు భాషల్లోనూ పట్టుబడతాయి. రేపు ఇంగ్లీషు మీడియం తరగతిలో నిలబడ్డప్పుడు అది అక్కరకొస్తుంది. గైడుతో మొదలుపెట్టినవాళ్లు ప్రశ్న కాస్త మార్చి అడిగితే తికమకపడతారు. పరీక్ష కంప్యూటర్ మీద. మౌస్ అలవాటు లేని చేతికి రెండున్నర గంటల్లో 160 ప్రశ్నలు కష్టం కాబట్టి నెల ముందునుంచే మాక్ టెస్టులు కంప్యూటర్ మీదే రాయాలి.

సర్టిఫికెట్ల పని మాత్రం ఈరోజే మొదలుపెట్టండి. 2025 డీఎస్సీలో 80 శాతం పోస్టులు లోకల్ అభ్యర్థులకే ఉన్నాయి కాబట్టి 4 నుంచి 10వ తరగతి దాకా ఎక్కడ చదివారన్నది కీలకం. ఆదోని, ఆలూరు వైపు పిల్లలు బళ్లారిలో చదవడం, అనంతపురం వాళ్లు బంధువులింట బెంగళూరులో ఉండి చదవడం కొత్తేమీ కాదు. సొంతూరు ఇక్కడే అయినా ఆ ఏళ్లలో బయటే ఎక్కువ చదివుంటే నాన్‌లోకల్ అయ్యే ప్రమాదం ఉంది. పాతికేళ్ల కింద చదివిన ప్రైవేటు బడి మూతబడి ఉంటే రికార్డుల కోసం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు తిరగాలి. వెరిఫికేషన్ పిలుపు వచ్చాక తిరిగితే సమయం చాలదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు ఆధార్‌ను పదో తరగతి మెమోతో సరిచూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, పాతది దాచుకుని లాభం లేదు. ఉర్దూ, కన్నడ మీడియంలో చదివినవాళ్లు ఆ మీడియం పోస్టులు వేరుగా ఉంటాయని మరవొద్దు.

డబ్బు సంగతి. 2022 పీఆర్సీ (వేతన సవరణ) స్కేళ్లలో ఎస్జీటీ మూలవేతనం 32,670, స్కూల్ అసిస్టెంటుది 44,570. విరమణ 62కి కాబట్టి 44లో చేరితే 18 ఏళ్ల సర్వీసు, పాత పెన్షన్ ఉండదు. నోటిఫికేషన్ దాకా ఆగలేక ప్రైవేటు బడిలో చేరేవాళ్లు జీతం పన్నెండు నెలలకా, పదికా అని చేరేరోజే అడగాలి. వేసవి జీతం ఎగ్గొట్టడం చాలాచోట్ల ఉన్నదే.

పోస్టింగు ఎక్కడొస్తుందో కూడా ఊహించుకోవచ్చు. మెగా డీఎస్సీలో పోస్టులు ఎక్కువ వచ్చినవాటిలో ఉమ్మడి కర్నూలు జిల్లా ముందుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వంటి పడమటి మండలాల్లో పాతవాళ్లు బదిలీ మీద వెళ్లిపోతుంటే కొత్తవాళ్లు అక్కడికే వస్తారు. అక్కడ ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బళ్లుంటాయి. ఒక తరగతికి పాఠం చెబుతున్నప్పుడు తన వంతు మిగతా తరగతులకు చేతిలో పని ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లోనే ఇది సాధన చేయనివాళ్లు మొదటి నెలలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటారు. వయసులో పెద్దవాళ్లకు ఇంకో తప్పు అలవాటు: ప్రశ్న వేసి పిల్లలు నోరు తెరవకముందే జవాబు తామే చెప్పేస్తారు. పాఠ్య ప్రణాళిక రాసేటప్పుడే 45 నిమిషాల్లో పిల్లలు మాట్లాడే, రాసే సమయం కనీసం సగం ఉండేలా చూసుకోవాలి.

ఈ మండలాల్లో పంట చేతికిరాని ఏడాది మిరప, పత్తి కోతలకు తల్లిదండ్రులు గుంటూరు వైపు వలసపోతే పిల్లలూ వెంట పోతారు. వాళ్లు నెలల తర్వాత తిరిగొస్తారు కాబట్టి, తెలుగు, లెక్కల్లో తప్పనిసరి అంశాలను విడిగా రాసి పెట్టుకుంటే వచ్చినవాళ్లను చిన్న గుంపుగా కూర్చోబెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.