ప్షెమిషల్‌లో వెడల్పు పట్టాలు

ఆ ఊరి పేరు పలకడం నాకు మూడో రోజుకు గానీ రాలేదు. పోలిష్ భాషలో రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి. మనం అచ్చులు దండిగా వాడతాం కదా, వాళ్ళకు హల్లులు ఉంటే చాలు. ప్షెమిషల్. పోలండ్ తూర్పు కొసన, ఉక్రెయిన్ సరిహద్దు పక్కన ఉన్న పాత ఊరు. వార్సా నుంచి రైల్లో ఐదారు గంటలు పట్టింది.

స్టేషన్లో నేను మొదట వెతికింది పట్టాలనే. పోలండ్ పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, ఉక్రెయిన్‌వి 1520. ఉక్రెయిన్ నుంచి వచ్చే రైలు ఆ వెడల్పు పట్టాల మీద ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. అందుకే ఒక పక్కన వేరే ప్లాట్‌ఫారం, దానికి పాస్‌పోర్టులు చూసే గది. మన బ్రాడ్‌గేజ్ 1676 అని తమ్ముడికి మెసేజ్ పెడితే, "అక్కా, నువ్వు ఆడికి పోయినా లెక్చర్ బంద్ చెయ్యవా" అన్నాడు. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. అలవాటు పోదు.

నా ప్రయాణం 2025 అక్టోబర్లో. దసరా సెలవుల్లో వార్సాలో ఉన్న తమ్ముణ్ణి (చిన్నమ్మ కొడుకు) చూడ్డానికని బయల్దేరాను. ప్షెమిషల్ మాత్రం మా మేనకోడలి కోసం. 2022 ఫిబ్రవరిలో అది ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతోంది. యుద్ధం మొదలయ్యాక ఎక్కిన టాక్సీ కార్ల వరసలో ఇరుక్కుపోతే, దిగి చలిలో గంటల కొద్దీ నడిచి పోలండ్ సరిహద్దులో మెదికా గేటు దగ్గరికి చేరింది. అవతలి వైపు వరసలో ఉక్రెయిన్ వాళ్ళను ముందు పంపి, మిగతా వాళ్ళను ఆపారని ఇప్పటికీ చెప్తుంది. ఒక రాత్రంతా నిలబడింది. ఇవతలికి వచ్చాక ఎవరో ముసలాయన వేడి టీ, దుప్పటి ఇచ్చాడట. పోలండ్‌లోనే దగ్గర్లో ఉన్న ఝెషుఫ్ నగరం నుంచి, మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానంలో ఢిల్లీ చేరింది.

మా ఇంట్లో ఇది రెండోసారి. చిన్నాయన 1990లో కువైట్‌లో ఉన్నాడు. సద్దాం సైన్యం వచ్చాక బస్సుల మీద, లారీల మీద అమ్మాన్ చేరి, అక్కణ్ణుంచి ఎయిరిండియా విమానంలో వచ్చాడు. అప్పుడు లక్షా డెబ్బై వేల మందిదాకా అలా తిరిగొచ్చారు. ఇరాక్‌కు ఎదురు నిలిచిన కూటమిలో మనం లేకపోవడం వల్లే మనవాళ్ళకు దారి దొరికిందని చిన్నాయన నమ్మకం. 2022లో మన విద్యార్థులు ఎక్కిన బస్సులకు మూడు రంగుల జెండా కడితే ఆయన టీవీ ముందు కూర్చుని "సూసినవా, మనది ఏ గుంపు కాదు, గందుకే వదిలిన్రు" అన్నాడు. ఆయన చెప్పింది సగం నిజం. దారి దొరకడం వేరు, చోటు దొరకడం వేరు.

ఆ మార్చి 4న యూరోపియన్ యూనియన్ తన తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని అమల్లోకి తెచ్చింది. 2001 నుంచి కాగితం మీద ఉన్నదాన్ని వాడటం అదే మొదటిసారి. ఉక్రెయిన్ పౌరులకు ఉండే హక్కు, పనిచేసే హక్కు వెంటనే వచ్చాయి. సొంత దేశానికి క్షేమంగా పోగల మా మేనకోడలి లాంటి విద్యార్థులకు అది వర్తించలేదు. న్యాయంగా చూస్తే తప్పు పట్టలేను. దానికి వెనక్కి రావడానికి ఒక ఇల్లుంది. కానీ అదే సంవత్సరం జూన్‌లో ఇదే పోలండ్ బెలారస్ సరిహద్దులో 186 కిలోమీటర్ల పొడవున ఐదున్నర మీటర్ల ఉక్కు గోడ కట్టడం ముగించింది. ఆ గోడకు అవతల అడవిలో ఉన్న ఇరాకీలను, అఫ్గాన్లను బెలారస్ కావాలనే తోలుకొచ్చిందన్నది పోలండ్ వాదన. అది నిజమే కావచ్చు. అయినా తోలించుకున్నవాడికీ చలి ఒకటే.

మెదికాకు లోకల్ బస్సులో వెళ్ళాను. నేను ఊహించుకున్నట్టు ఏమీ లేదు. డేరాలు లేవు, జనం లేరు. మనుషులు నడిచే దారి, కంచె, సిగరెట్లు అమ్మే దుకాణాలు. ఇరవై మందిదాకా ఆడవాళ్ళు చక్రాల బ్యాగులతో ఉక్రెయిన్ వైపు నడుస్తున్నారు. ఒకామెకు కాస్త ఇంగ్లీషు వచ్చు. క్రాకోవ్‌లో హోటల్ గదులు శుభ్రం చేస్తుందట. రెండు నెలలకోసారి నాలుగు రోజులు ల్వీవ్ వెళ్ళి భర్తను చూసి వస్తుంది. సైన్యంలో చేరే వయసు మగవాళ్ళు బయటికి రాకూడదు గదా. "నెల లోపల తిరిగి వస్తే నా హక్కులు పోవు" అంది. ఆమె బ్యాగులోంచి అరటిపళ్ళు కనిపిస్తున్నాయి.

నాకు తమ్ముడు గుర్తొచ్చాడు. వాడి పాస్‌పోర్టులో ఒక ముద్ర ఉంది. రెసిడెన్స్ కార్డు దరఖాస్తు నడుస్తోందని దాని అర్థం. మనవాళ్ళు టీఆర్‌సీ అంటారు. ఆ ముద్రతో పోలండ్‌లో ఉండొచ్చు. దేశం దాటితే మళ్ళీ రావడానికి కొత్త వీసా కావాలి. చిన్నమ్మ మొన్న ఏప్రిల్లో పోయింది. తమ్ముడు రాలేదు. చితి వీడియో కాల్‌లో చూశాడు. ఆ అరటిపళ్ళామె మీద నాకు ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆమె పోతున్నది క్షిపణులు పడే ఊరికి అని తెలిసి కూడా.

నేను దిగిన ఇంటావిడ రిటైరైన టీచరు. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. రాత్రి ఝూరెక్ అనే చారు పోసింది. పులియబెట్టిన పిండితో చేస్తారు, వాసన చూస్తే మన తరవాణి. సాసేజ్ తీసి పక్కన పెడితే నొచ్చుకుంది. 2022లో నేను పడుకున్న గదిలోనే ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన ఒక తల్లి, ఇద్దరు పిల్లలు ఐదు నెలలున్నారట. అప్పుడు పైసా తీసుకోలేదు. ఇప్పుడు మాత్రం డాక్టరు దగ్గర ఉక్రెయిన్ వాళ్ళే ముందుంటున్నారని, వాళ్ళకు ప్రభుత్వం డబ్బులిస్తోందని విసుక్కుంది. ఆమె కొడుకు ఎక్కడని అడిగితే డబ్లిన్ అంది. 2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు పనికి వచ్చేవాళ్ళకు మొదటిరోజు నుంచే తలుపు తెరిచినవి బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్. వాడు ఆ ఏడే వెళ్ళిపోయాడు. ఐర్లాండ్‌లో ఆస్పత్రి క్యూ గురించి పోలిష్ వాళ్ళను ఏమనేవారో అని అడగబోయి మానేశాను.

నాటో సైనిక కూటమి మాట ఎత్తగానే ఆవిడ గొంతు మారింది. "1939లో కూడా కాగితం ఉంది" అంది. ఆగస్టు 25న పోలండ్‌కు అండగా నిలుస్తానని బ్రిటన్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. సెప్టెంబర్ 1న హిట్లర్ వచ్చాడు, 3న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి, సైన్యం మాత్రం రాలేదు. 17న తూర్పు నుంచి స్టాలిన్ వచ్చాడు. ప్షెమిషల్ మధ్యలో సాన్ నది ఉంది. అటు జర్మనీ, ఇటు సోవియట్. "ఇప్పటి కాగితాన్ని నమ్ముతారా?" అంటే కిటికీలోంచి ఝెషుఫ్ వైపు చూపించింది. అక్కడి విమానాశ్రయం గుండానే ఉక్రెయిన్‌కు ఆయుధాలు పోతాయి. 2025 సెప్టెంబర్ 10 తెల్లవారుజామున రష్యా డ్రోన్లు పోలండ్ ఆకాశంలోకి వస్తే, పోలిష్ ఎఫ్-16లతో పాటు డచ్ ఎఫ్-35లు లేచి కొన్నిటిని కూల్చాయి. పోలండ్ అదే రోజు నాటో ఒప్పందం ఆర్టికల్ 4 కింద కూటమి దేశాలను సంప్రదింపులకు పిలిచింది. ఆ పొద్దున ఆవిడ మొదట ఫోన్ చేసింది కొడుక్కి కాదట, ఇప్పుడు ల్యుబ్లిన్‌లో ఉంటున్న ఆ ఖార్కివ్ తల్లికి. సైరన్ మోగితే ఏం చెయ్యాలో ఆమెకే తెలుసు కదా అంది.

వార్సా తిరిగొచ్చేసరికి ఆదివారం. అక్కడ చాలా ఆదివారాలు పెద్ద షాపులు మూసేస్తారు, ఫుడ్ డెలివరీ మాత్రం జోరుగా ఉంటుంది. తమ్ముడు సైకిల్ మీద పెద్ద సంచితో వచ్చాడు. ఏజెంటుకు ఆరు లక్షలు కట్టి వచ్చిన గోడౌన్ ఉద్యోగం ఎనిమిది నెలలకే పోయింది. పోలండ్‌లో కనీస జీతం 2025లో నెలకు 4,666 జ్లోటీలు, మన లెక్కలో లక్షకు పైనే, కోతలు పోకముందు. గల్ఫ్‌కు పోయిన చిన్నాయన తరం దీన్ని కలలో కూడా అనుకోలేదు. దేశంలో పిల్లలు పుట్టడం తగ్గిపోయింది, చేతులు కావాలి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ కోసం డెలాయిట్ అనే కంపెనీ చేసిన లెక్క ప్రకారం 2024లో పోలండ్ జీడీపీలో 2.7 శాతం ఉక్రెయిన్ శరణార్థుల వల్ల వచ్చింది. అయినా 2025 ఆగస్టులో అధ్యక్షుడు నవ్రోత్స్కి వాళ్ళ సహాయ చట్టం పొడిగింపును వీటో చేశాడు. నెలకు 800 జ్లోటీల పిల్లల భత్యం పనిచేసే వాళ్ళకే ఇవ్వాలన్నాడు. ఆ షరతు చట్టంలోకి ఎక్కింది కూడా. చాలామంది అప్పటికే పనిలో ఉన్నారు. లెక్క తేలినా కోపం తగ్గదన్నది క్లాసులో ఏ పాఠంలో చెప్పాలో నాకు తెలీదు.

"ఉక్రెయినోళ్ళకు దినంల ఐడీ నంబర్ ఇచ్చిన్రు అక్కా. నా కార్డుకు పదహారు నెలలాయె" అన్నాడు తమ్ముడు. వాళ్ళ మీద కోపమేమీ లేదు వాడికి. కొత్తలో రోడ్డు మీద జారిపడితే ఆస్పత్రికి తీసుకుపోయింది ఉక్రెయిన్ డ్రైవరే.

వార్సాలోనే ఓహోతా వైపు మంచి మహారాజు పేరుతో ఒక చిన్న పార్కు ఉంది. ఆ మహారాజు గుజరాత్‌లోని నవానగర్ సంస్థానాన్ని ఏలిన జాంసాహెబ్ దిగ్విజయ్‌సింగ్‌జీ. స్టాలిన్ 1940లో పోలిష్ కుటుంబాలను సైబీరియాకు తోలాడు. 1941లో హిట్లర్ తన మీదికే వచ్చాక స్టాలిన్ మిత్రపక్షంలో చేరాడు, అప్పుడే ఆ ఖైదీలను వదిలాడు. అలా బయటపడిన అనాథ పిల్లలకు 1942లో జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో జాంసాహెబ్ చోటిచ్చాడు. కొల్హాపూర్ దగ్గర వలివాడేలో ఇంకా పెద్ద క్యాంపు, ఐదు వేల మందిదాకా ఉన్నారు. తమ్ముడు ఎన్నోసార్లు ఈ దారిన పోయాడు కానీ ఆ రాయి మీద ఎవరి పేరుందో చూడలేదట. ఫోటో తీసుకున్నాడు.

"ఆ పిల్లలు మల్ల వాళ్ల ఊర్లకు పోయిన్రా అక్కా?"

చాలామంది పోలేదన్నాను. 1945లో యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ ముగ్గురు పెద్దలు కూర్చుని పోలండ్ సరిహద్దు జరిపేశారు. ల్వీవ్‌తో సహా వాళ్ళ ఊళ్ళు సోవియట్‌లోకి పోయాయి. కొందరు పోలండ్ వచ్చారు, కొందరు ఇంగ్లండ్ వెళ్ళిపోయారు.

"అట్లనా" అన్నాడు. ఫోన్ మోగింది. ఆర్డర్. రెండు కిలోమీటర్లు, ఇండియన్ రెస్టారెంటు నుంచి. హెల్మెట్ పెట్టుకుంటూ, "ఈడనే కూసో, ఇరవై నిమిషాలల్ల వస్త" అని సైకిలెక్కాడు.