పదో రోజు దాకా

ఏడేళ్ళ మా పాప ఆ సాయంత్రం కడుపు నొప్పి అంటూ బడి నుంచి రాగానే పడుకుంది. రాత్రి ఒక వాంతి, ఆ వెంటనే 103 డిగ్రీల జ్వరం. తిన్నది పడలేదనుకున్నాను. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు కాబట్టి గొంతు సంగతి నాకు తట్టనే లేదు. తెల్లవారి మంచినీళ్ళ గ్లాసు నోటి దాకా తెచ్చుకుని, గుటక వేయలేక కన్నీళ్ళతో కింద పెట్టేసింది. మెడ తడిమితే దవడల కింద రెండు పక్కలా బిళ్ళలు కట్టి ఉన్నాయి.

డాక్టరు గారు టార్చి వేసి నన్నూ చూడమన్నారు. టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటి మీద సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. అంగిట్లో సూదితో గుచ్చినట్టు సన్నని ఎర్ర చుక్కలు. "దగ్గు, జలుబుతో వచ్చే గొంతు నొప్పి చాలావరకు వైరస్ వల్లేనమ్మా. అవి లేకుండా హఠాత్తుగా వస్తే స్ట్రెప్ అనే బాక్టీరియా ఏమో చూసుకోవాలి" అన్నారు. 5 నుంచి 15 ఏళ్ళ వయసులోనే ఇది ఎక్కువట. పిల్లల్లో కడుపు నొప్పి, వాంతులు కూడా దీని లక్షణాలేనట. దూది చుట్టిన పుల్లతో గొంతులో తుడిచి పరీక్షిస్తే కొద్ది నిమిషాల్లోనే తేలింది: గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు 10 రోజులకు రాశారు.

నాలుగో రోజుకల్లా పాప మంచం మీద గంతులు వేస్తోంది. తగ్గిన పిల్లకు ఇంకా మందెందుకు అనిపించింది నాకు. "చెప్పినన్ని రోజులూ వెయ్యమ్మా" అని అత్తయ్య అంటూనే ఉన్నారు. నేను వినలేదు.

వారం తిరగకుండానే మళ్ళీ అదే జ్వరం. ఈసారి డాక్టరు గారు కాగితం మీద గుండె బొమ్మ గీసి కవాటాలు చూపించారు. సరైన చికిత్స అందకపోతే కొందరు పిల్లలకు, గొంతు తగ్గిన రెండు మూడు వారాలకు రుమాటిక్ జ్వరం వస్తుంది. క్రిమి మీద పోరాడాల్సిన ఒంటి రక్షణ వ్యవస్థ పొరబడి కీళ్ళ మీద, గుండె మీద పడుతుంది. కీళ్ళ వాపు తగ్గిపోతుంది కానీ కవాటాలకు జరిగిన నష్టం జీవితాంతం మిగిలిపోవచ్చు. ఆ గీతల వంక చూస్తుంటే నా చేతులు చల్లబడ్డాయి.

మళ్ళీ మొదటి నుంచి 10 రోజులు. మందు వేసుకున్న ప్రతిసారీ పాపే క్యాలెండరు మీద గీత గీసేది. జ్వరం దిగి, మందు మొదలుపెట్టి ఒక రోజు పూర్తిగా గడిచాకే బడికి పంపాను. పళ్ళు తోముకునే బ్రష్షు మార్చాను. ఒక్క మోతాదు కూడా తప్పలేదు.

అయినా భయం వదల్లేదు. కీళ్ళ నొప్పులు, ఆయాసం, మూత్రం రంగు మారడం లాంటివి వస్తాయేమో కనిపెట్టి ఉండమన్నారు డాక్టరు గారు. మూడు వారాల పాటు రోజూ పొద్దున్నే నిద్రలేపుతూ మోకాళ్ళు, మడమలు తడిమి చూసేదాన్ని. మొదట్లో నీరసంగా, కదలకుండా చూపించేది. ఇరవై రెండో రోజు చెయ్యి వేయగానే చక్కిలిగింతలని కిలకిలా నవ్వి, దుప్పటి తన్నేసి వసారాలోకి పరుగెత్తింది.