నాన్న పెన్సిలు రాతలు

నాన్న పోయి ఏడాది నిండింది. ఆయన పెట్టె సర్దుతుంటే ఒక నోటుపుస్తకం దొరికింది. అందులో ఉన్నదంతా నా కాళ్ల గురించే.

నాకు వచ్చింది గిలాన్ బారే సిండ్రోమ్. విరేచనాలు తగ్గిన పది రోజులకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. మూడో రోజుకు మెట్లెక్కలేకపోయాను. ఐదో రోజుకు మంచం మీద ఒత్తిగిల్లడమూ నా వల్ల కాలేదు. అరచేతిలో నాణెం పెట్టినా తెలిసేది కాదు. క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ నరాల మీద పడిందని, ఊపిరి కండరాలకు పాకితే వెంటిలేటర్ తప్పదని డాక్టరు చెప్పారు. అదృష్టం, అంతదాకా రాలేదు.

ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసే మందు అది. సైన్యం నుంచి వచ్చాక నాన్న ఏటా రక్తదాన శిబిరాలు నడిపారు, తోటి సైనికుల భార్యలకు పింఛను దరఖాస్తులు రాసిపెట్టారు. ఆ సీసా వంక చాలాసేపు చూసి, "వీళ్లంతా ఎవరో మనకు తెలియదు కదమ్మా" అన్నారు.

ఈ జబ్బును 1916లో ఫ్రెంచి సైన్యంలోని వైద్యులు ఇద్దరు సైనికుల్లో గమనించి వివరించారట. అది వినగానే నాన్న అడిగింది ఒక్కటే: "ఆ ఇద్దరూ కోలుకున్నారా?" కోలుకున్నారని తెలిశాకే కుర్చీలో కూర్చున్నారు.

నరం పైపొర మాత్రమే దెబ్బతింటే త్వరగా బాగవుతుంది. లోపలి తీగే దెబ్బతింటే మళ్లీ పెరగడం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నాన్న టేపు తెచ్చి మోకాలి నుంచి బొటనవేలి దాకా కొలిచారు. 480 మిల్లీమీటర్లు. "ఏడాదిన్నర కూడా పట్టదమ్మా" అన్నారు, సెలవు మంజూరైనంత సంతోషంగా.

రోజూ తెల్లవారుజామున నా వేళ్లను ఒక్కొక్కటిగా వంచి, చాపి, పుస్తకంలో రాసుకునేవారు. ఒకరోజు ఓర్పు నశించి, "నన్ను వదిలేయండి నాన్నా" అని అరిచాను. మాట్లాడకుండా దుప్పటి సరిచేసి వెళ్లారు. మర్నాడు అదే వేళకు వచ్చారు. ఆ అరుపుకు క్షమాపణ చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తొడలు ముందు మాట విన్నాయి. నాలుగో నెలలో వాకర్ పట్టుకుని నిలబడ్డాను. పదో నెలకు దాన్ని వదిలేశాను. పాదాలు మాత్రం చాలాకాలం మొండికేశాయి.

పుస్తకంలో చివరి రాత: "ఎడమ బొటనవేలు. కొద్దిగా కదిలింది." పెన్సిలును ఎంత గట్టిగా ఒత్తారో, కాగితం వెనక అక్షరాలు ఉబ్బి ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి చూశాను. ఒక్కో గీతా తెలుస్తోంది.