చుక్కాని దగ్గర మనిషి ఏడి?

తుపాను కెరటాల్లో చిక్కుకున్న పడవ బొమ్మ నిన్న రాత్రి రెండున్నరకు పూర్తయింది. మూడు వారాలు పట్టింది. కంప్యూటర్‌లో బొమ్మలు వేసుకునే క్రీటా సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఏ3 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 4961×3508 పిక్సెళ్ల కాన్వాస్ తెరిచి, ఆకాశం, సముద్రం, పడవ వేర్వేరు లేయర్లలో, అంటే విడివిడి పొరల్లో, పెట్టుకోవడం ఒక పూట పని. మబ్బులు రెండు రోజుల్లో కుదిరాయి.

నన్ను ఏడిపించింది పడవ. మొదట దాన్ని పొడవంతా కనబడేలా, కెరటానికి అడ్డంగా వేశాను. మిత్రులు మెచ్చుకున్నారు. ఆ ధైర్యంతో విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు ఫోనులో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఇందులో వాళ్లు బతకరు బాబూ" అన్నారు. అంత కెరటానికి పడవ పక్క చూపిస్తే ఒక్క దెబ్బకు బోల్తా పడుతుందట. ముక్కు కెరటానికి ఎదురుగా తిప్పి ఎక్కించాలట. "అసలు చుక్కాని దగ్గర మనిషి ఏడి?" అని అడిగారు. మనిషిని నేను వేయనే లేదు. పక్కనున్న కుర్రవాళ్లు పని ఆపి నా వైపు చూశారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విరుచుకుపడిన ఊరివాణ్ణి, తుపాను నాకు తెలుసనుకున్నాను. ఆ రోజంతా తలుపులు బిగించుకుని గాలి హోరు విన్నానే తప్ప ఒక్క కెరటాన్నీ చూడలేదు. ఫోను జేబులో పెట్టుకుంటుంటే చేతులు వణికాయి.

ఇంటికి వచ్చి పడవ లేయరు మొత్తం చెరిపేశాను. ముక్కు పైకి లేచేసరికి వెలుగునీడలన్నీ మారిపోయాయి. నురగంటే తెల్లరంగు అద్దేయమని చెప్పే వీడియో పాఠాలను దయచేసి నమ్మకండి. వాటివల్ల నాకు వారం పోయింది. నల్లమబ్బు కింద నురగ కూడా బూడిదరంగే. మబ్బు చీలి వెలుగు పడిన చోటే తెల్లదనం. గాలి నురగను చారలుగా ఈడ్చుకుపోతుంది కనుక ఆ చారలన్నీ గాలివాలునే సాగాలి. కెరటం కొన పలచబడిన చోట వెలుగు నీళ్లలోంచి దూరి ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ పచ్చదనానికే నాలుగు రాత్రులు కూర్చున్నాను. అది కుదిరింది, గర్వంగా చెబుతున్నాను.

అచ్చు వేయించేవారు ముందుగా బొమ్మను సీఎంవైకేలో, అంటే అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతిలో, చూసుకోండి. తెర మీది పచ్చ కాగితం మీద మసకబారుతుంది. నేను వెళ్లిన దుకాణంలో ఆ మాట డబ్బు తీసుకున్నాకే చెప్పారు.

రేపు తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళకు ఆ అచ్చు పట్టుకుని హార్బర్‌కు వెళ్తున్నాను. ఇప్పుడు చుక్కాని దగ్గర మనిషి ఉన్నాడు. తలకు ఎర్ర తువ్వాలు చుట్టాను.