పిండం ఒకటే, చట్టాలు వేరు

మానవ పిండాలపై పరిశోధన గురించి ఏ దేశం ఏమంటుందో ఈ మధ్య పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నా. తల తిరిగిపోయింది.

బ్రిటన్‌లో 1990 నాటి చట్టం ప్రకారం లైసెన్స్ ఉంటే 14 రోజుల వరకు ల్యాబ్‌లో పిండంపై పరిశోధన చేయొచ్చు. ఆ 14 ఎక్కడిదంటే, దాదాపు ఆ సమయానికి పిండంలో ‘ప్రిమిటివ్ స్ట్రీక్’ అనే సన్నటి చార కనిపిస్తుంది. ఆ తర్వాత అది విడిపోయి కవలలయ్యే అవకాశం దాదాపు ఉండదు. 1984లో మేరీ వార్నాక్ కమిటీ అక్కడే హద్దు పెట్టమంది. ఆవిడ డాక్టరు కాదు, ఫిలాసఫర్! నాకిది తెగ నచ్చింది.

జర్మనీ అదే 1990లో చేసిన చట్టం, పరిశోధన కోసం పిండాన్ని వాడడమే నేరమంది. కానీ పిండాల నుంచి తీసిన మూలకణాలను (శరీరంలో దాదాపు ఏ రకం కణంగానైనా మారగల కణాలు) విదేశాల నుంచి తెచ్చుకోవడానికి 2002లో షరతులతో దారి వదిలింది. మొదట 2002 జనవరి 1కి ముందు తయారైనవే అన్నారు. 2008లో ఆ తేదీని 2007 మే 1కి జరిపారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు! (కాస్త కటువుగా అంటున్నానేమో, నాజీల కాలంలో మనుషులపై జరిగిన ప్రయోగాల చరిత్ర ఉంది కాబట్టి వాళ్ల భయం వాళ్లది.)

అమెరికాది ఇంకో తీరు. పిండాలను నాశనం చేసే పరిశోధనకు 1996 నుంచి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ నిధులు ఇవ్వరు. ప్రైవేటు డబ్బుతో చేస్తే ఆ నిషేధం వర్తించదు. నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఇదే. తప్పయితే ఎవరి డబ్బుతో చేసినా తప్పే కదా? పన్ను కట్టేవాళ్ల మనస్సాక్షిని కూడా చూడాలిగా అని ఒక ఫ్రెండ్ వాదించాడు. నిజమే, కానీ నిధులు ఆపేస్తే వాటితో పాటు వచ్చే అజమాయిషీ కూడా పోతుంది.