వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాతికి పనికిరాదు: నా అనుభవం

గుంటూరు కొరిటెపాడులోని మా ఇంట్లో వంటగట్టు నల్ల గ్రానైటుది, దాని వెనుక గోడకు టైల్స్, సామాన్ల అరలకు కడప రాళ్లు, స్నానాల గది గడపకు తెల్ల పాలరాయి. గట్టూ గోడా కలిసే మూలలో పెట్టిన వైట్ సిమెంటు ఏటా వేసవి దాటేసరికి సన్నగా బీట తీయడం, ఆ సందులోకి గిన్నెలు కడిగిన నీళ్లు దిగి కింది అరల్లో బొద్దింకలు చేరడం మామూలైపోయింది. ఈసారి టైల్స్ పనికి వచ్చిన మేస్త్రీ కూడా "మళ్లీ వైట్ సిమెంటే రుద్దేద్దామండీ, రాయిలా గట్టిపడుతుంది" అన్నాడు. నిజానికి ఆ గట్టిదనంతోనే చిక్కు. పొయ్యి వేడికీ ఎండలకూ గట్టు రాయి ఒక తీరుగా, గోడ మరో తీరుగా కదులుతాయి కనుక, ఆ రెంటి మధ్య సాగే గుణం లేనిది ఏది పెట్టినా పగలక తప్పదు. టైల్స్ మధ్య గీతలకు గ్రౌటు సరిపోతుంది. గోడా గట్టూ, గోడా నేలా కలిసే మూలలకు మాత్రం సాగే సీలెంటే, అంటే సిలికాన్ లాంటి సందు పూడ్చే పదార్థమే కావాలి.

పట్నంబజారులోని హార్డ్‌వేర్ దుకాణంలో నన్ను మొదట అడిగిన ప్రశ్న "ఏ కలర్ ఇమ్మంటారండీ?" అని. ఏ రాతికి అని ఎవరూ అడగలేదు. అక్కడ అందరూ కొనుక్కుపోయే చవక ట్యూబు ఎసిటిక్ రకం సిలికాన్. మూత తీయగానే ఘాటుగా వెనిగర్ వాసన వస్తుంది, ఎందుకంటే అది గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. మెరుగు పూత ఉన్న టైలుకూ అద్దానికీ దానివల్ల ఇబ్బంది లేదు. పాలరాయి, కడప రాయి, మాచర్ల నాపరాయి వంటివి కాల్షియం కార్బనేటు రాళ్లు. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నం కోసం కాల్చేదీ ఈ జాతి రాయినే. ఆమ్లం తగిలితే వాటి పైపొర కరిగి మెరుగు పోతుంది, ఆ కరిగిన పొర మీద సిలికాన్ పట్టు కూడా నిలవదు. నమ్మకం కుదరక, పని చేయగా మిగిలిన కడప రాతి ముక్క మీద నిమ్మచెక్క బోర్లించి ఉంచాను. కాసేపటికి తుడిచి వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే, నిగనిగలాడే నలుపు మధ్య చెక్క అంచంత గుండ్రని బూడిదరంగు మచ్చ మిగిలింది, ఎంత రుద్దినా అది పోలేదు.

అందుచేత ఆమ్లం విడవని న్యూట్రల్ రకం అడిగి తెచ్చుకున్నాను. అయితే న్యూట్రల్ అని రాసి ఉన్నంత మాత్రాన రాతికి మరక పడదని అనుకోవడానికి లేదు. సిలికాన్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలు, సూక్ష్మరంధ్రాలున్న రాతిలోకి మెల్లగా ఇంకుతాయి. తెల్ల పాలరాతి ముక్కలు కొన్నింటి అంచులకు వేర్వేరు ట్యూబుల నుంచి గీతలు గీసి కొన్ని వారాలు పక్కన పెడితే, ఒక న్యూట్రల్ ట్యూబు గీతకు ఇరువైపులా, గారెలు పొట్లం కట్టిన కాగితానికి నూనె పాకినట్లు, ముదురు అంచు కనిపించింది. నల్ల గ్రానైటులో ఇది తేలికగా కంటపడదు గానీ, లేత రంగు గ్రానైటుకూ ఈ ప్రమాదం ఉంది. కాబట్టి ట్యూబు మీద సహజ రాళ్లకు అనువైనదని, మరక పట్టించదని రాసి ఉందా, సాంకేతిక పత్రంలో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ వారి సీ 1248 పరీక్ష ప్రస్తావన ఉందా అని చూడాలి. రంధ్రాలున్న రాళ్లకు సీలెంటు మరక పట్టిస్తుందో లేదో తేల్చే పరీక్ష అదే. సిలికాన్ కాక ఎంఎస్ పాలిమర్ అనే మరో జాతి సాగే సీలెంట్లలోనూ రాతికి సరిపడేవి ఉన్నాయి, వాటి మీద రంగు కూడా వేసుకోవచ్చు. నీళ్లతో కడుక్కోగల ఆక్రిలిక్ రకం చవకే, కానీ ఆరుతూ కుంచించుకుపోతుంది, నిత్యం తడిసే చోట నిలవదు. దాన్ని కిటికీ చెక్కకూ గోడకూ మధ్య సందులకు సరిపెట్టాను.

చివరికి గట్టు మూలకూ పాలరాతి గడపకూ, బూజు పట్టకుండా మందు కలిపిన, సహజ రాళ్లకని ప్రత్యేకంగా చేసిన న్యూట్రల్ సిలికాన్ ఎంచుకున్నాను. ధర మామూలు దానికంటే బాగా ఎక్కువే. తయారీ తేదీ చూడకుండా మాత్రం కొనవద్దు, పాతబడిన ట్యూబు సరిగా గట్టిపడదు.

పూయడం కంటే శుభ్రం చేయడానికే ఎక్కువ సమయం పట్టింది. పాత సిమెంటునంతా బ్లేడుతో గీకి, ధూళి దులిపి, స్పిరిట్‌తో తుడిచి, సందు పూర్తిగా ఆరనిచ్చాము. పాత సిలికాన్ ముక్క ఏ మూలనైనా మిగిలితే దాని మీద కొత్తది అంటదు. సందు లోతుగా ఉన్న చోట అడుగున ఫోమ్ తాడు దూర్చాము, దానికి రెండు ప్రయోజనాలు: సిలికాన్ వృథా కాదు, పైగా అది అడుగుకు అంటుకోకుండా ఇరుపక్కలకే అంటుకోవడం వల్ల స్వేచ్ఛగా సాగుతుంది. సందు వెడల్పులో సగం లోతు ఉంటే చాలు. రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, గన్‌తో ఆపకుండా ఒకే ధారగా వేసి, వేలితో ఒత్తి నునుపు చేసి, పైన పొర కట్టకముందే టేపు లాగేశాడు మేస్త్రీ. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, సాధారణంగా రోజుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు వరకు. అందువల్ల పైన చేతికి అంటకపోయినా లోపల పచ్చిగానే ఉండవచ్చునని, అది పూర్తిగా బిగిసేదాకా సింకులో గిన్నెలు కడగనివ్వలేదు. ఇంట్లో దానికి విసుక్కున్న మాట వాస్తవమే.

పరీక్ష కోసం కొన్న ఎసిటిక్ ట్యూబును పారేయలేదు, స్నానాల గది కిటికీ అద్దాలకు అది చక్కగా పట్టింది. అయితే ఆ ఆమ్లం రాగినీ ఇత్తడినీ కూడా తినేస్తుంది కనుక, దాన్ని కుళాయిల చుట్టూ వాడనివ్వలేదు.