మచ్చ లేకుండా వచ్చిన తిమ్మిరి

ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు సగం. మొదట్లో తిమ్మిరి అంతవరకే. చెయ్యి కింద పడి నిద్రపోతే వచ్చే తిమ్మిరి అందరికీ తెలుసు, అది కాసేపు దులిపితే పోతుంది, ఇది పోలేదు. నేను బొబ్బిలిలో బ్లౌజులు కుడతాను, పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. మెషిన్ మీద బట్టని నడిపించేది ఎడమ చెయ్యే, మడత ఎంత ఉందో కంటితో చూడక్కర్లేదు వేలికే తెలిసిపోతుంది. ఆ తెలియడం మెల్లగా పోయింది. హెమ్మింగ్ చేస్తుంటే సూది ఎక్కడ గుచ్చుకుందో తెలీదు, తెల్ల లైనింగ్ మీద రక్తం చుక్క చూసి అప్పుడు వేలు వెతుక్కునేదాన్ని.

మా వీధిలో ఆర్‌ఎంపీ గారు నరాల బలహీనత అన్నారు, బలం ఇంజక్షన్లు వేశారు. తర్వాత ఊళ్ళోనే పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్తే షుగర్, థైరాయిడ్, బీ12 అన్నీ రాశారు. షుగర్ లేదు, థైరాయిడ్ బాగుంది, బీ12 కొంచెం తక్కువ. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, కారణం దొరికేసింది కదా అని. మిథైల్‌కోబాలమిన్ ఇంజక్షన్లు, తర్వాత మాత్రలు. వేలు అలాగే ఉంది. నాకు చాలా తర్వాత ఒక నరాల డాక్టర్ చెప్పింది ఏంటంటే షుగర్ వల్లో బీ12 వల్లో వచ్చే తిమ్మిరి మామూలుగా రెండు పాదాల్లో ఒకేసారి మొదలై మేజోడు వేసుకున్నట్టు పైకి పాకుతుంది, ఒక చేతిలో రెండు వేళ్ళ దగ్గర ఆగిపోయి ఉండదు. ఆ ఒక్క మాట ముందే ఎవరైనా ఆలోచించి ఉంటే బాగుండేది.

విజయనగరంలో ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. మెడ ఎక్స్‌రే తీశారు, కుట్టుపని కదా మెడ అరిగింది అన్నారు, కాలర్ ఇచ్చారు, తగ్గకపోతే ఎమ్మారై అన్నారు. ఎమ్మారైలో 5, 6 ఎముకల మధ్య డిస్క్ కొంచెం బయటికి వచ్చింది అని రాసుంది. ఇది కూడా ఇప్పుడు తెలిసిన సంగతే, అక్కడ నరం నొక్కుకుంటే తిమ్మిరి బొటనవేలు వైపు రావాలి, చిటికెన వేలు వైపు కాదు. పైగా నా వయసు వాళ్ళలో ఏ నొప్పీ లేనివాళ్ళకి కూడా ఎమ్మారై తీస్తే ఇలాంటివి కనపడతాయట. కానీ చేతిలో రిపోర్ట్ ఉంటే ఇంక దాన్ని ఎవరూ ప్రశ్నించరు, తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఆ ఫిల్మ్ లైటుకి పెట్టి చూసి అదే మాట చెప్పేవాళ్ళు. నా చెయ్యి మాత్రం ఎవ్వరూ పట్టుకుని చూడలేదు. ఇది కోపంతో రాయడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఈలోపు అత్తమ్మ తాయెత్తు కట్టించింది, మా అమ్మ పార్వతీపురం దగ్గర ఎవరో నాటు మందు ఇస్తారంటే తెచ్చింది. వాళ్ళని ఏమీ అనను, ఇద్దరికీ నా మీద ప్రేమే.

సంక్రాంతి ముందు రోజులు టైలరింగ్ వాళ్ళకి ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటాక కుట్టిన బ్లౌజులు ఇస్త్రీ చేస్తున్నాను, పక్కన పడుకున్న మా అమ్మ లేచి కూర్చుని "ఒలమ్మా ఏటే ఈ వాసన" అంది. నా చిటికెన వేలు వైపు అరచేతి అంచు ఇస్త్రీ పెట్టెకి ఆని ఉంది. చర్మం తెల్లగా ఊడి వచ్చేసింది, నాకు నొప్పి లేదు. అమ్మ ఏడుస్తూ నీళ్ళు పోస్తుంటే నాకు భయం వేసింది మొదటిసారి, కాలినందుకు కాదు, నొప్పి లేనందుకు. అదే నెలలో ఎడమ కాలి చెప్పు నడుస్తుండగా జారిపోవడం మొదలైంది, జారిందని నాకు తెలిసేది కాదు, రోడ్డు మీద ఎవరో వెనక నుంచి "అమ్మా, చెప్పు" అని పిలిస్తే తిరిగి చూసేదాన్ని. మోచెయ్యి గోడకి తగిలితే వేళ్ళ దాకా కరెంట్ కొట్టినట్టు ఉండేది, రాత్రిళ్ళు మోచేతి లోపల ఒకటే సలుపు. చిటికెన వేలు వంగిపోయి ఉండటం కూడా అప్పుడే చూశాను, బల్ల మీద చెయ్యి పరిస్తే మిగతా వేళ్ళు చాపుకునేవి అది లేచే ఉండేది.

మా ఆయన ఇంక ఆగలేదు. "పద, విశాఖపట్నం ఎల్దాం, కేజీహెచ్‌లో నరాల డాక్టర్లు ఉంటారు" అని రాయగడ నుంచి వచ్చే పాసింజర్ ఎక్కించాడు. ఓపీ చీటీ దగ్గర లైను, నరాల విభాగం దగ్గర ఇంకో లైను, మధ్యాహ్నం అయ్యింది. లోపల చూసింది చదువుకుంటున్న డాక్టరమ్మ, మా ఆడపడుచు వయసు ఉంటుంది. ఫైల్ అంతా పక్కన పెట్టింది. కళ్ళు మూసుకోమని దూదితో తాకుతూ ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు అంది, తర్వాత వేడినీళ్ళ గొట్టం చల్లనీళ్ళ గొట్టం మార్చి మార్చి పెట్టి ఏది వేడి అని అడిగింది. చేతి అంచున నాకు రెండూ ఒకటే. తర్వాత నా మోచెయ్యి వంచి వెనక వైపు లోపలి గాడిలో వేళ్ళు పెట్టి నిమిరింది, కుడి చెయ్యీ అలాగే చూసింది, మళ్ళీ ఎడమదానికి వచ్చింది. మోకాలి పక్కన బయటి వైపు ఎముక కింద చూసింది. మెడ పక్కన చూసింది. నా వేలు తీసుకుని నా మోచేతి మీదే పెట్టి "ఇది తెలుస్తోందా అమ్మా, తాడులా ఉంది కదా, కుడివైపు చూడండి సన్నగా ఉంది" అంది. నిజంగానే తాడులా ఉంది. అన్ని నెలల నుంచీ అది నా చేతిలోనే ఉంది.

ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన మచ్చలు, ఎర్రటి మచ్చలు, స్పర్శ లేని మచ్చలు ఉన్నాయా అని తలుపు వేసి మొత్తం చూశారు. ఒక్కటీ లేదు. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా కుష్ఠు వచ్చిందా అని అడిగారు. ఆ మాట వినగానే నాకు చెవులు మూసుకుపోయినట్టు అయ్యింది. తర్వాత నరాల పరీక్ష చేశారు, చిన్న చిన్న షాకులు ఇచ్చి నరంలో కరెంట్ ఎంత వేగంగా వెళ్తోందో చూస్తారు, తర్వాత చీలమండ పక్క నుంచి సన్నని నరం ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్ట్ వచ్చింది. పెద్దరోగమే, కుష్ఠు. కొద్దిమందిలో చర్మం మీద మచ్చ లేకుండా నరాలకే వస్తుందట, నాది అదే రకం.

పెద్ద డాక్టర్ గారు చాలా సేపు కూర్చోబెట్టి చెప్పారు. ఆ క్రిమిని నార్వేలో హాన్సెన్ అనే డాక్టర్ 1873లో కనిపెట్టారట. అది ఒంట్లో చల్లగా ఉండే చోట్ల పెరుగుతుంది, అందుకే చర్మానికి దగ్గరగా వెళ్ళే నరాలు, మోచేతి వెనక, మోకాలి పక్క, ముందు దెబ్బ తింటాయి. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఒంట్లోకి వెళ్ళాక బయటపడటానికి మామూలుగా ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా. కాబట్టి ఎవరి దగ్గర నుంచి వచ్చింది అని వెతుక్కోవడంలో అర్థం లేదు అన్నారు. నూటికి తొంభై ఐదు మందికి పైగా మనుషులకి పుట్టుకతోనే దాన్ని తట్టుకునే శక్తి ఉంటుందట. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మన నుంచి ఇంకొకరికి అంటదు. ఇంకోటి కూడా చెప్పారు, నాకు అది బాగా గుర్తుండిపోయింది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందిలో ఒకరి కంటే తక్కువ అయ్యిందని, జబ్బు నిర్మూలన అయినట్టే అని ప్రకటించారట, కానీ ఆ మాటకి అర్థం జబ్బు లేదని కాదు, తక్కువైందని. జబ్బు పోయిందని అందరూ అనుకోవడంతో కొత్త డాక్టర్లకి అది గుర్తు రావడం తగ్గిపోయింది, నా లాంటి మచ్చలేని కేసు అయితే మరీను. గోడల మీద పోస్టర్లలో కూడా మచ్చ బొమ్మే ఉంటుంది కదా.

ఇంటికి వచ్చే రైల్లో మేమిద్దరం మాట్లాడుకోలేదు. బొబ్బిలి దిగాక మా ఆయన ఒక్కటే అన్నాడు, "మందుందని సెప్పారు కదా, ఇంకేటి." అత్తమ్మకి చెప్పింది ఆయనే. రెండు రోజులు ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు, నా కంచం వేరే పెట్టాలా అని అడిగింది, ఆ అడగడం మాత్రం నేను మర్చిపోలేను. తర్వాత డీపీఎంఓ గారు, అంటే మా వైపు ఈ జబ్బు కేసులు చూసే ఆరోగ్య శాఖ ఉద్యోగి, మా ఇంటికి వచ్చారు, జీపు బోర్డూ హడావుడీ లేకుండా మామూలుగా. అత్తమ్మని ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ చెప్పారు, ఇంట్లో అందరి ఒళ్ళూ చూశారు, జబ్బు ఎవరికీ లేదని తేల్చి ముందు జాగ్రత్తకి రిఫాంపిసిన్ ఒక్క డోస్ ఇచ్చారు. ఒకప్పుడు ఈ జబ్బు ఉంటే విడాకులు అడగొచ్చని చట్టంలోనే ఉండేదని, 2019లో దాన్ని తీసేశారని కూడా ఆయనే చెప్పారు. నాకు ఆ అవసరం లేదు గానీ ఇది చదివే ఎవరో ఒక అమ్మాయికి ఉండొచ్చు, అందుకే రాస్తున్నాను.

ఒకటి కంటే ఎక్కువ నరాలు పాడయ్యాయి కాబట్టి 12 నెలల కోర్సు. మందు మన పీహెచ్‌సీలోనే, ఒక్క రూపాయి లేదు. ఒక్కో మాత్రల అట్ట 28 రోజులకి. నెలకోసారి రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ మూడూ వాళ్ళ ఎదురుగానే మింగాలి, మిగతా రోజులు ఇంటి దగ్గర రెండు. మొదటిసారి మింగిన రోజు మూత్రం ఎర్రగా వచ్చింది, ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్ళు నల్లబడింది, ముఖం మరీ. బ్లౌజులు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఏంటమ్మా ఇలా అయిపోయావ్ అంటే మందుల వల్ల అనేదాన్ని, ఏ మందులు అని అడిగితే నరాల మందులు అనేదాన్ని, అది నిజమే. డాప్సోన్ రక్తం తగ్గిస్తుందని మధ్యమధ్యలో హిమోగ్లోబిన్ చూసేవాళ్ళు. నరం వాపు తగ్గడానికి వేరేగా ప్రెడ్నిసలోన్, 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చారు. ముఖం ఉబ్బింది, ఆకలి ఆగేది కాదు, నిద్ర లేదు, కానీ మోచేతి సలుపు మొదటి వారంలోనే తగ్గింది. ఆ మందు మధ్యలో మానేయకూడదు, ఎవరు చెప్పినా సరే.

క్రిమి చావడం వేరు నరం తిరిగి రావడం వేరు, ఇది ఎవరూ నాకు అంత విడమర్చి చెప్పలేదు ముందు. నరం బాగుపడే అవకాశం ఉంటే రోజుకి మిల్లీమీటర్ చొప్పున పెరుగుతుందట, మోచేతి నుంచి వేలి చివర దాకా అంటే లెక్క వేసుకోండి. సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంది, ఈ జబ్బుకి మా వైపు తరాల నుంచీ జనానికి తెలిసిన చోటు, వ్యాయామాలు అక్కడ నేర్చుకున్నాను. రోజూ చెయ్యీ కాలూ ఇరవై నిమిషాలు నీళ్ళలో నానబెట్టి తడి పూర్తిగా తుడవకుండా నూనె రాయడం, వంగిన వేలుని రెండో చేత్తో చాపి పట్టుకోవడం, రాత్రి పట్టీ కట్టుకోవడం. కాలికి ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు చెప్పులు ఇచ్చారు, వెనక పట్టీ ఉంటుంది, జారదు. పడుకునే ముందు పాదాలు లైటు కింద చూసుకుంటాను, ముల్లో రాయో దిగినా నొప్పి తెలీదు కదా.

ఇప్పుడు ఎలా ఉంది అంటే, కోర్సు అయిపోయింది. పక్క వేలికి స్పర్శ చాలావరకు వచ్చింది, మొన్న సూది గుచ్చుకుంటే "అమ్మా" అని అరిచాను, మా అమ్మ ఆనందంతో పక్కింటివాళ్ళకి చెప్పుకుంది. చిటికెన వేలు సగం వంగే ఉంది, అంచున వేడి చల్లన ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఇస్త్రీ పెట్టెకి గుడ్డ పిడి కుట్టుకున్నాను, ఇస్త్రీ ఇప్పుడు కళ్ళతో చూస్తూనే చేస్తాను. కాలు బలం వచ్చింది. ఒంటి నలుపు మెల్లగా తగ్గుతోంది, పూర్తిగా మామూలవ్వడానికి ఇంకా నెలలు పడుతుంది అన్నారు. మందు అయిపోయాక కూడా ఒక్కోసారి నరం మళ్ళీ వాస్తుందట, అది జబ్బు తిరగబెట్టడం కాదు, ఒళ్ళు చచ్చిన క్రిమితో పోరాడటం. కొత్త తిమ్మిరి గానీ మోచేతి సలుపు గానీ వస్తే ఆగకుండా రమ్మన్నారు. అందుకే డీపీఎంఓ గారి ఫోన్ నంబర్ మెషిన్ పక్క గోడ మీద రాసి పెట్టుకున్నాను. పోయిన వారం రాజాం నుంచి ఒకావిడ బ్లౌజు కొలతకి వచ్చి వేళ్ళు మొద్దుబారుతున్నాయి అంటే మోచెయ్యి వంచమని వెనక నరం పట్టుకుని చూశాను, రెండు చేతులకీ ఒకేలా సన్నగా ఉంది. అయినా నాకు తెలిసింది ఇంతే అని చెప్పి డాక్టర్ దగ్గరికి పంపించాను, షుగర్ వచ్చిందట, మందు మొదలుపెట్టారు.